జ్ఞాపకంలోని దృశ్యాన్ని ఆయిల్ రంగుల్లో చిత్రించడం: తొలి గీత నుండి వార్నిష్ దాకా

ప్రయాణంలో చూసిన లోయనో, చిన్నప్పుడు గంటల తరబడి కూర్చున్న చెరువు గట్టునో ఆయిల్ రంగుల్లో వేయాలని మొదలుపెట్టినవారు తరచూ ఒకే ఇబ్బంది చెబుతారు. కళ్లు మూసుకుంటే దృశ్యం ఎదుటే ఉన్నట్టు ఉంటుంది. కాన్వాస్ మీదికి వచ్చేసరికి అది ఎక్కడో చూసిన క్యాలెండర్ బొమ్మలా మారిపోతుంది. చేయి తిరగకపోవడమే దీనికి కారణమనుకుని చాలామంది రంగుల కలయికలతో నెలలు గడుపుతారు. నా అనుభవంలో లోపం దాదాపు ఎప్పుడూ అంతకంటే ముందు, కుంచె పట్టక మునుపు చేయవలసిన పనిలో ఉంటుంది.

జ్ఞాపకం ఆకులనూ రాళ్లనూ దాచుకోదు. వెలుగు ఎటునుండి పడిందో, ఏది ఎంత పెద్దదిగా అనిపించిందో, మనం ఎక్కడ నిలబడి చూశామో మాత్రం దాచుకుంటుంది. ఆ మూడింటినీ ముందుగా కాగితం మీద పదిలపరచి, ఆ తర్వాతే ఫొటోలనూ రంగులనూ ముట్టుకోవాలి. కింద చెప్పిన వరుస అంతా ఈ ఒక్క విషయాన్ని కాపాడడానికే. అందుకే అంకెల వరుసను మార్చకుండా అనుసరించమని కోరుతున్నాను.

1. ఏమీ చూడకుండా మూడు స్కెచ్‌లు గీయండి

అరచేతి అంత కాగితం, 4బి లేదా 6బి పెన్సిల్ తీసుకోండి. పాత ఆల్బమ్ గానీ, ఫోన్‌లోని ఫొటోలు గానీ తెరవవద్దు. ఐదు నిమిషాల్లో, గుర్తున్నంత వరకే గీయండి. గుర్తు లేని చోట కాగితాన్ని ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపడం మొదలుపెడితే ఏది జ్ఞాపకమో ఏది అలవాటుగా వచ్చిన గీతో తర్వాత మీకే తెలియదు.

మరునాడు, మొదటి స్కెచ్ చూడకుండా, అదే దృశ్యాన్ని మళ్లీ గీయండి. మూడో రోజు మరొకటి. తర్వాత మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటిలోనూ అదే చోట, అదే పరిమాణంలో వచ్చినవేవో గుర్తించి వాటి చుట్టూ గీత గీయండి. మీ చిత్రానికి అసలు సరుకు అదే. ఒక్క స్కెచ్‌లోనే కనిపించినవి అవసరాన్ని బట్టి ఉంచవచ్చు, తీసేయవచ్చు.

స్కెచ్ వెనుక ఈ ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోండి:

- వెలుగు ఏ వైపు నుండి వస్తోంది? ఎండా, మబ్బు వెలుగా?
- అన్నింటికన్నా ముదురుగా ఉన్నదేది? అన్నింటికన్నా లేతగా ఉన్నదేది?
- నేల పొడిగా ఉందా, తడిగా ఉందా?
- గాలి వీస్తోందా? వీస్తే దేని మీద తెలుస్తోంది?
- నేను ఎక్కడ నిలబడ్డాను? నా కళ్లు నేల నుండి ఎంత ఎత్తున ఉన్నాయి?

చివరి ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు. బాల్య దృశ్యాలు చెడిపోయేది ఎక్కువగా అక్కడే కనుక, దాన్ని విడిగా వివరిస్తాను.

2. చిన్నప్పటి దృశ్యానికి చిన్నప్పటి కంటి ఎత్తు

సమతల ప్రదేశంలో దిగంతరేఖ (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఆరేళ్ల పిల్లల కళ్లు నేల నుండి సుమారు ఒక మీటరు ఎత్తున ఉంటాయి. అంటే అదే నేల మీద నిలబడ్డ పెద్దల నడుము దగ్గర దిగంతరేఖ వెళుతుంది. వారి తలలు, భుజాలు ఆకాశంలోకి లేస్తాయి. మీటరు ఎత్తు గడ్డి కూడా అవతలి ఒడ్డును కప్పేయగలదు. అదే చోటును ఇప్పుడు మన ఎత్తు నుండి గీస్తే గడ్డి కాళ్ల దగ్గరికి దిగిపోతుంది, మనుషుల తలలు దిగంతరేఖకు ఆనుకుంటాయి, నేల వెడల్పుగా పరుచుకుంటుంది. గీత గీతా సరిగ్గా ఉన్నా దృశ్యం మాత్రం పరాయిదిగా ఉంటుంది.

మా ఇంటి వెనుకనున్న చెరువును నేను మూడుసార్లు వేసి మూడుసార్లూ గీకేశాను. ప్రతిసారీ నీటిని వెడల్పైన కోడిగుడ్డు ఆకారంలో వేశాను. చెరువు గుంటలా, చిన్నదిగా కనిపించింది. నా జ్ఞాపకంలో మాత్రం అది అంతులేనిది. నాలుగోసారి దిగంతరేఖను కాన్వాస్ అడుగు భాగానికి దించి, నీటిని రెండు వేళ్ల మందం మాత్రమే ఉన్న సన్నని పట్టీగా, ఎడమ అంచు నుండి కుడి అంచు దాకా ఎక్కడా ఒడ్డు మలుపు కనిపించకుండా లాగాను. నీటికి కేటాయించిన చోటు సగానికి పైగా తగ్గింది, చెరువు మాత్రం పెద్దదైపోయింది. కంటి ఎత్తు తగ్గినకొద్దీ నీటి ఉపరితలం సన్నబడుతుంది. ఒడ్డు చివరలు కాన్వాస్ దాటిపోతే అది ఎంత దూరం ఉందో చూసేవారికి అంతు చిక్కదు.

అలాగే, జ్ఞాపకంలో చెట్టు అసలు కన్నా పెద్దదిగా ఉంటే దాన్ని సరిదిద్దకండి. కొమ్మలు కాన్వాస్ పై అంచును దాటి పోనివ్వండి. ఆ పొరపాటే మీరు చిత్రించబోయే విషయం.

3. ప్రయాణంలో చేయవలసిన పని

ప్రయాణ దృశ్యానికి మనకున్న సౌకర్యం ఏమిటంటే, జ్ఞాపకాన్ని అక్కడే తయారు చేసుకోవచ్చు. చిత్రకారుడు విస్లర్ 1870లలో లండన్‌లోని టేమ్స్ నది రాత్రి దృశ్యాలను వేసినప్పుడు, దృశ్యాన్ని కాసేపు తదేకంగా చూసి, దానికి వీపు తిప్పి, పక్కనున్నవారికి ఏది ఎక్కడ ఉందో వర్ణించి చెప్పేవారు. సరిపోయిందనిపించాక స్టూడియోకు వెళ్లి వేసేవారు. ఈ అభ్యాసం నేటికీ పనికొస్తుంది. బస్సు ఆగిన పది నిమిషాల్లో దీన్ని రెండుసార్లు చేయవచ్చు.

ఆంగ్ల చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821, 1822 సంవత్సరాల్లో వేసిన ఆకాశపు అధ్యయన చిత్రాల వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసుకున్నారు. మీరూ స్కెచ్ పక్కన వేళ, వెలుగు దిశ తప్పక రాయండి. రంగు పేర్లు రాసేటప్పుడు 'పచ్చ', 'నీలం' అని వదిలేస్తే ఇంటికొచ్చాక అవి ఎందుకూ పనికిరావు. 'కొండ నీలం, కానీ ఆకాశం కన్నా ఒక మెట్టు ముదురు, కాస్త ఊదా వైపు' అని పోల్చి రాయండి. లేత నుండి ముదురుకు 1 నుండి 5 దాకా అంకెలు పెట్టుకుని స్కెచ్‌లోని ఒక్కో భాగం మీద అంకె వేయడం అన్నింటికన్నా వేగమైన పద్ధతి.

4. ఫొటోకు ఎంత చోటు ఇవ్వాలి

ఫొటో చూడండి, కానీ మూడు స్కెచ్‌లూ పూర్తయ్యాకే. ఫోన్ కెమెరా కటకం వెడల్పు కోణంలో చూస్తుంది కనుక దూరపు కొండలను చిన్నవి చేసి, ముందున్న నేలను సాగదీస్తుంది. మీ స్కెచ్‌లో కొండ పెద్దదిగా, ఫొటోలో చిన్నదిగా ఉంటే స్కెచ్‌నే నమ్మండి. ఎండ వేళల్లో కెమెరా నీడలను నల్లగా ముద్దచేస్తుంది, లేదా ఆకాశాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. నిజమైన నీడలో ఆకాశపు నీలం ఎప్పుడూ కొంత ఉంటుంది.

కొమ్మ కాండం నుండి ఎలా విడిపోతుంది, పడవ మొన ఏ వంపులో ఉంది లాంటి నిర్మాణ వివరాలకు ఫొటో మంచి సహాయం. కూర్పు, పరిమాణాలు, రంగు, ఈ మూడింటికీ దాన్ని అడగవద్దు. చిత్రం వేసేటప్పుడు ఫొటోను ఈజిల్ (కాన్వాస్‌ను నిలబెట్టే స్టాండు) పక్కన అంటించుకోకుండా, అవసరమైనప్పుడు లేచి వెళ్లి చూసి వచ్చేంత దూరంలో ఉంచండి.

5. సామగ్రి

రంగులు ఎనిమిది చాలు. ఇంతకన్నా ఎక్కువ ఉంటే కలపడం నేర్చుకోవడం ఆలస్యమవుతుంది.

- టైటానియం వైట్ (పెద్ద ట్యూబు)
- ఎల్లో ఆకర్
- కాడ్మియం ఎల్లో లైట్
- కాడ్మియం రెడ్ లైట్
- పర్మనెంట్ అలిజరిన్ క్రిమ్సన్ (పర్మనెంట్ అన్న మాట తప్పక చూసుకోండి, పాత రకం అలిజరిన్ వెలుగుకు వెలిసిపోతుంది)
- అల్ట్రామెరైన్ బ్లూ
- థాలో బ్లూ (గోరంత చాలు, మిగతా రంగులను ఇట్టే మింగేస్తుంది)
- బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ మట్టి రంగు)

నలుపు ట్యూబు అక్కర్లేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సమంగా కలిపితే వచ్చే ముదురు రంగు ప్రకృతి దృశ్యాలకు నలుపు కన్నా బాగా ఒదుగుతుంది, ఎటు కావాలంటే అటు చల్లగానో వెచ్చగానో మొగ్గుతుంది.

మిగతావి:

- పంది వెంట్రుకల గట్టి కుంచెలు: ఫ్లాట్ (చదును మొన) లేదా ఫిల్బర్ట్ (గుండ్రని మొన) రకంలో 2, 4, 6, 8, 12 నంబర్లు
- సన్నని గీతలకు మెత్తని పొడవాటి కుంచె ఒకటి
- రంగులు కలుపుకునే పలక (పాలెట్), వాటిని కలపడానికీ గీకడానికీ పాలెట్ నైఫ్ (వజ్రాకారపు మొన ఉన్నది)
- వాసన తక్కువగా ఉండే మినరల్ స్పిరిట్ (ఆయిల్ రంగును పలుచన చేసే ద్రావకం), మూత గట్టిగా పట్టే గాజు సీసా
- శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) చిన్న సీసా
- పాత నూలు గుడ్డలు, మూత ఉన్న లోహపు డబ్బా
- 12×16 అంగుళాల కాన్వాస్, రంగుల స్కెచ్‌లకు 6×8 అంగుళాల బోర్డులు

పాలెట్ తెల్లగా కాకుండా బూడిద రంగులోనో, లేత మట్టి రంగులోనో ఉంటే కలిపిన రంగు ఎంత ముదురుగా ఉందో సరిగ్గా అంచనా వేయగలుగుతారు. కాన్వాస్ మీదా, పాలెట్ మీదా ఒకే దీపపు వెలుగు పడాలి. రాత్రిపూట పనిచేసేవారు 5000 కెల్విన్ దగ్గరి పగటి వెలుగు బల్బు వాడాలి. పసుపు వెలుగు బల్బు కింద వేసిన ఆకాశం పొద్దున చూస్తే విపరీతమైన నీలంగా కనిపిస్తుంది.

6. మూడు టోన్లలో చిన్న నమూనాలు

రంగుతో నిమిత్తం లేకుండా ఒక భాగం ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్నదే టోన్. జ్ఞాపక స్కెచ్‌ను 2×3 అంగుళాల పెట్టెలో లేత, మధ్యస్థం, ముదురు అనే మూడే టోన్లలో మళ్లీ వేయండి. ఇలా నాలుగైదు పెట్టెలు వేసి, టోన్లను అటూ ఇటూ మార్చి చూడండి.

మామూలు పగటి వెలుగులో ఆకాశం అన్నింటికన్నా లేతగా, చదునైన నేల తర్వాతి మెట్టులో, ఏటవాలు కొండలు ఇంకో మెట్టు ముదురుగా, నిటారుగా నిలబడ్డ చెట్లు అన్నింటికన్నా ముదురుగా ఉంటాయి. పై నుండి వచ్చే వెలుగు దేనికి ఎంత తగులుతుందన్నదే దీనికి కారణం. మినహాయింపులు ఉన్నాయి, జ్ఞాపకంలో నిలిచిపోయే దృశ్యాలు చాలావరకు ఆ మినహాయింపులే: వాన ముందు ఆకాశం నల్లబడి, ఇంకా ఎండ తగులుతున్న గట్టు దానికన్నా వెలుగుతూ ఉండడం, మంచు కప్పిన నేల, ఆకాశాన్ని ప్రతిబింబించే నీరు. మీ దృశ్యం ఎందుకు గుర్తుండిపోయిందో ఈ దశలో తరచూ తెలుస్తుంది. తెలిసినప్పుడు ఆ ఒక్క తేడాను పెంచి, మిగతా తేడాలన్నింటినీ తగ్గించండి.

నమూనాను గది అవతలి నుండి కళ్లు చిట్లించి చూడండి. విషయం అర్థమైతే ముందుకు వెళ్లవచ్చు. అర్థం కాకపోతే రంగులు దాన్ని కాపాడలేవు.

7. గంటలో ముగించే రంగుల స్కెచ్

6×8 అంగుళాల బోర్డు మీద, పాలెట్ నైఫ్‌తోనో 8 నంబరు కుంచెతోనో, గంట మించకుండా వేయండి. ఇందులో కొమ్మలు, గడ్డి పరకలు ఉండకూడదు. ఆరేడు రంగు ముక్కలు పక్కపక్కన ఎలా ఉన్నాయో తేలితే చాలు.

వాన ముందటి చెరువునే ఉదాహరణగా తీసుకుందాం. ఆకాశానికి అల్ట్రామెరైన్‌లో కొంత బర్న్ట్ సియెన్నా కలిపి, తెలుపుతో మధ్యస్థానికి తేవాలి. మేఘం నీలంగా కాకుండా సీసపు రంగులో ఉండాలంటే సియెన్నా పాలు అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే పడుతుంది. ఎండ పడ్డ గట్టుకు ఎల్లో ఆకర్, కొద్దిగా కాడ్మియం ఎల్లో, తెలుపు. దాన్ని గడ్డిగా మార్చడానికి కుంచె మొనకు అంటినంత అల్ట్రామెరైన్. ఆ సీసపు రంగు పక్కన పెట్టగానే ఈ మామూలు పసుపు దీపంలా వెలుగుతుంది. ట్యూబులోని పసుపును నేరుగా వాడితే ఆ వెలుగు రాదు, రంగు మాత్రమే కనిపిస్తుంది.

ఆకుపచ్చల గురించి ఒక మాట. ట్యూబు పచ్చను వాడకుండా మూడు పచ్చలు మీరే కలుపుకోండి: అల్ట్రామెరైన్, ఆకర్ కలిపితే మట్టి పచ్చ, థాలో బ్లూ, కాడ్మియం ఎల్లో, కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపితే లేత చిగురు పచ్చ, అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, కొద్దిగా ఆకర్ కలిపితే నీడ పచ్చ. ఏ పచ్చ అయినా మరీ ఘాటుగా ఉంటే కాస్త ఎరుపు తగిలిస్తే అణిగిపోతుంది.

8. కాన్వాస్ తయారీ

దుకాణంలో కొన్న కాన్వాస్ మీద మరో రెండు పూతలు యాక్రిలిక్ జెస్సో (రంగు పట్టేలా వేసే తెల్లని అడుగు పూత) వేసి, పూతకు పూతకు మధ్య సన్నని గరుకు కాగితంతో రుద్దండి. చివరి పూత తర్వాత కనీసం ఒక రోజు, వీలైతే మూడు రోజులు ఆరనివ్వండి. యాక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది. ఆయిల్ మీద యాక్రిలిక్ ఎన్నటికీ వేయకూడదు, ఊడిపోతుంది.

ఆ తర్వాత బర్న్ట్ సియెన్నాను మినరల్ స్పిరిట్‌తో పలుచన చేసి కాన్వాస్ అంతటా పూసి, గుడ్డతో తుడిచేయండి. తెల్లదనం పోయి లేత ఇటుక రంగు మిగలాలి. చల్లని బూడిద రంగులు ఎక్కువగా ఉండే చిత్రానికి ఈ వెచ్చని నేల చాలా మేలు చేస్తుంది, పూతల మధ్య సందుల్లోంచి తొంగి చూస్తూ చిత్రాన్ని ఒక్కటిగా కలుపుతుంది. మరునాటికి పని మొదలుపెట్టవచ్చు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- మూడు జ్ఞాపక స్కెచ్‌లు, ఎంచుకున్న టోన్ నమూనా, రంగుల స్కెచ్ ఎదుట ఉన్నాయా?
- దిగంతరేఖ ఎక్కడో నిర్ణయించారా?
- వెలుగు దిశను కాన్వాస్ పక్కన బాణం గుర్తుగా వేసుకున్నారా?
- ప్రధానమైన ఆరేడు రంగుల కుప్పలు నైఫ్‌తో ముందే కలిపారా?
- కిటికీ తెరిచి ఉందా?

9. చిత్రించే వరుస

*మొదటి మెట్టు: గీత.* పలుచన చేసిన బర్న్ట్ సియెన్నాతో, 4 నంబరు కుంచెతో పెద్ద ఆకారాల హద్దులు మాత్రమే గీయండి. పెన్సిల్ వాడితే చేయి వివరాలలోకి జారిపోతుంది. తప్పితే స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి మళ్లీ గీయవచ్చు.

*రెండో మెట్టు: ముదురు భాగాలు.* చెట్లు, నీడలు, ఒడ్డు అడుగు భాగం అన్నింటినీ పలుచని ముదురు రంగుతో నింపండి. నీడలు చివరి దాకా పలుచగానే ఉండాలి, మందం వెలుగు భాగాలకు దాచుకోవాలి. ఈ మెట్టులో తెలుపు కలపవద్దు.

*మూడో మెట్టు: ఆకాశం.* దృశ్యమంతటి వెలుగునూ నిర్ణయించేది ఇదే కనుక దీన్ని ఒకే విడతలో, పెద్ద కుంచెతో పూర్తిచేయండి. మబ్బులేని ఆకాశం పైన ముదురుగా, దిగంతం వైపు దిగేకొద్దీ లేతగా, కాస్త వెచ్చగా మారుతుంది. మేఘాలు కూడా దిగంతం దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నవై, చదునై, ఒకదాని మీద ఒకటి ఒత్తుకుంటాయి. పైనుండి కింది దాకా ఒకే పరిమాణపు మేఘాలు వేస్తే ఆకాశం గోడలా నిలబడుతుంది.

*నాలుగో మెట్టు: దూరం నుండి ముందుకు.* ముందు దూరపు కొండలు, తర్వాత మధ్య నేల, చివర దగ్గరి నేల. దూరం పెరిగేకొద్దీ ముదురు రంగులు లేతబడి నీలిస్తాయి, వెలుగు నీడల మధ్య తేడా తగ్గిపోతుంది. దూరపు కొండకు ఆకాశం కుప్పలోంచే రంగు తీసుకుని, దానికి కొద్దిగా అలిజరిన్, అల్ట్రామెరైన్ చేర్చడం సురక్షితమైన మార్గం. పొగమంచు లోయ వేసేటప్పుడు ఒక్కో కొండ వరుసకూ కొత్త రంగు కలపకుండా, ఒకే కుప్పను వరుస వరుసకూ కొంచెం కొంచెం ముదురు చేస్తూ ముందుకు రండి.

*ఐదో మెట్టు: నీరు.* ప్రతిబింబాలు వస్తువుకు నేరుగా కిందికే పడతాయి, నీడల్లా పక్కకు వాలవు. ముదురు వస్తువుల ప్రతిబింబం అసలు కన్నా కాస్త లేతగా, లేత వస్తువులది కాస్త ముదురుగా ఉంటుంది. రంగును నిలువుగా కిందికి లాగి, ఆ తర్వాత శుభ్రమైన పొడి కుంచెతో ఒకే ఒక్కసారి అడ్డంగా తేలిగ్గా తాకించండి. రెండోసారి తాకితే బురదవుతుంది.

*ఆరో మెట్టు: చెట్టు, ఆకాశం కలిసే చోటు.* నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. చెట్టును ఆకుల కుప్పగా ఊహించుకోకుండా, వెలుగు వైపు, నీడ వైపు అని రెండే ముక్కలుగా చూడండి. చెట్టు అంచు తడిగా ఉండగానే ఆకాశం రంగును చెట్టులోపలికి నెట్టండి. కుంచె చెట్టు పచ్చను కొంత మోసుకుపోయి అంచు కొన్ని చోట్ల కరిగిపోతుంది, కొన్ని చోట్ల పదునుగా మిగులుతుంది. కొమ్మల మధ్య కనిపించే ఆకాశపు రంధ్రాలను ఆకాశం కన్నా ఒక మెట్టు ముదురుగా వేయాలి, చిన్నవి అయ్యేకొద్దీ మరింత ముదురుగా. అచ్చం ఆకాశం రంగే పెడితే ఆ రంధ్రాలు చెట్టుకు అతికించిన చుక్కల్లా బయటికి దూకుతాయి.

*ఏడో మెట్టు: ఆఖరి వెలుగులు.* అత్యంత లేత, అత్యంత మందమైన తాకుళ్లు చివరన, లెక్కపెట్టుకుని వేయండి. పదికి మించనివ్వకండి.

ఈ మెట్లన్నింటిలోనూ పాటించవలసిన నియమం ఒకటుంది: కింది పూత కన్నా పై పూతలో నూనె ఎక్కువ ఉండాలి. మొదటి పూతకు స్పిరిట్, తర్వాతి పూతలకు ట్యూబులోని రంగు యథాతథంగా, ఆఖరి పూతలకు రెండు మూడు చుక్కల లిన్సీడ్ ఆయిల్. ఆయిల్ రంగు నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పూత నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద తొందరగా ఆరే పలుచని పూత వేస్తే కింద కదలిక వల్ల పైది పగులుతుంది.

ఒక్కో విడతకు మధ్య చేతికి అంటకుండా ఆరేదాకా ఆగండి. బర్న్ట్ సియెన్నా, అంబర్ (ముదురు గోధుమ మట్టి రంగు) లాంటివి ఒకటి రెండు రోజుల్లో ఆరితే, కాడ్మియం, అలిజరిన్ రంగులకు వారం పైనే పట్టవచ్చు. మళ్లీ కూర్చున్న ప్రతిసారీ కాన్వాస్ చూడకముందు మొదటి మూడు స్కెచ్‌లను రెండు నిమిషాలు చూడండి. వారం గడిచేసరికి మనసులోని దృశ్యం స్థానంలోకి కాన్వాస్ మీది దృశ్యమే వచ్చి కూర్చుంటుంది. స్కెచ్‌లు లేకపోతే అది జరిగిన సంగతి కూడా మనకు తెలియదు.

10. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

రంగులు బురదయ్యాయి. మురికి కుంచె, లేదా నాలుగైదు రంగుల కలయిక కారణం. మీద మీద పూస్తే ఇంకా చెడుతుంది. నైఫ్‌తో గీకేయండి, లేదా పీల్చుకునే కాగితాన్ని ఆ భాగం మీద పరిచి అరచేతితో నొక్కి మెల్లగా ఎత్తండి. పై రంగు కాగితానికి వచ్చేసి, కింద మంచి లేత నేల మిగులుతుంది.

చిత్రం సుద్దలా పాలిపోయింది. ప్రతి రంగులోనూ తెలుపు పడింది. ఆరాక నీడ భాగాల మీద తెలుపు లేని పలుచని ముదురు పూత వేయండి.

దూరపు కొండ ముందుకు వచ్చేసింది. అంచు మరీ పదునుగానో, రంగు మరీ వెచ్చగానో ఉంది. ఆకాశం రంగును కొద్దిగా తీసుకుని కొండ అంచు మీదుగా పొడి కుంచెతో తేలిగ్గా రాయండి.

నీడలు ఒక్కోటి ఒక్కో వైపు పడ్డాయి. రెండు మూడు ఫొటోల నుండి ముక్కలు తెచ్చినప్పుడు ఇది తప్పదు. పక్కన వేసిన బాణాన్ని చూసి, తప్పిన నీడను సవరించడం కన్నా ఆ వస్తువునే తీసేయడం మేలు కాదా అని ముందు ఆలోచించండి. చాలాసార్లు మేలే.

ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. అద్దంలో చూడండి, తర్వాత కాన్వాస్‌ను తలకిందులు చేసి చూడండి. ఒరిగిన చెట్టు, వాలిన నీటి గీత వెంటనే బయటపడతాయి. నీటి గీత వెంట్రుకవాసి వాలినా చెరువు ఒలికిపోతున్నట్టుంటుంది.

ఆరాక కొన్ని చోట్ల మెరుపు పోయి మసకబారింది. నూనె కింది పూతలోకి ఇంకిపోయింది. పూర్తిగా ఆరిన ఆ భాగానికి లిన్సీడ్ ఆయిల్‌ను అతి పలుచగా రుద్ది, మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేస్తే రంగు తిరిగి లేస్తుంది.

అన్నీ బాగున్నాయి, జ్ఞాపకం మాత్రం లేదు. వివరాలు ఎక్కువయ్యాయి. మూడు స్కెచ్‌లలోనూ లేని వస్తువులను ఒక్కొక్కటిగా వేలితో కప్పి చూడండి. కప్పినప్పుడు చిత్రం బాగుంటే గీకేయండి.

11. పని ముగిశాక: గుడ్డలు, ఆరబెట్టడం, వార్నిష్

లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆరేటప్పుడు నూనె వేడిని పుట్టిస్తుంది. ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకుంటుంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా నీళ్లు పోసిన లోహపు డబ్బాలో వేసి మూత పెట్టండి. వాడిన స్పిరిట్‌ను సింకులో పారబోయవద్దు. సీసాలో రెండు రోజులు కదల్చకుండా ఉంచితే రంగు అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు.

చిత్రాన్ని చీకటి అలమారలో కాకుండా, దుమ్ము పడని, వెలుతురూ గాలీ ఆడే గదిలో, నేరుగా ఎండ తగలకుండా ఆరనివ్వండి. చీకట్లో ఉంచితే నూనె పసుపు తిరుగుతుంది.

మామూలు వార్నిష్‌కు పలుచని పూతల చిత్రమైతే ఆరు నెలలు, మందంగా వేసినదైతే ఏడాది ఆగాలి. ఈలోగా ఎవరికైనా ఇవ్వవలసి వస్తే, చేతికి అంటకుండా ఆరాక రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే రకం) పలుచగా వేయవచ్చు. మామూలు వార్నిష్‌కు సమయం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి, తెల్లని గుడ్డను కొద్దిగా మినరల్ స్పిరిట్‌తో తడిపి, అన్నింటికన్నా మందంగా ఉన్న మూలలో మెల్లగా తాకించండి. గుడ్డకు రంగు అంటితే మరో రెండు నెలలు ఆగండి. అంటకపోతే కాన్వాస్‌ను బల్ల మీద పడుకోబెట్టి, మెత్తని వెడల్పు కుంచెతో దుమ్ము దులిపి, వార్నిష్‌ను ఒక అంచు నుండి రెండో అంచు దాకా ఒకే దిశలో పలుచగా లాగండి. పూసిన చోటికి కుంచెను తిరిగి తేకండి. పైన అట్టపెట్టెను తాకకుండా గొడుగులా నిలిపి, ఒక రోజంతా అలాగే వదిలేయండి.